నీలం అట్ట పుస్తకం పెట్టిన భోజనం

ఆ రోజుల్లో మా నరసరావుపేటలో మేనేజరు అనే మాట రెండే చోట్ల వినబడేది. ఒకటి బ్యాంకులో, రెండోది సినిమాహాల్లో. బ్యాంకు మేనేజరు కనబడితే జనం లేచి నిలబడేవారు. సినిమాహాలు మేనేజరు కనబడితే వంగి వంగి దణ్ణాలు పెట్టేవారు (కొత్త సినిమా వచ్చిన వారం మాత్రమే). మిగతా చోట్ల, అంటే మిర్చి కొట్లలోనూ నూనె మిల్లుల్లోనూ పత్తి మిల్లుల్లోనూ, యజమాని, గుమాస్తా, పనివాళ్ళు, అంతే. మనుషుల చేత పని ఎలా చేయించాలో చెప్పే పుస్తకాలుంటాయనీ, వాటిని చదివి మనుషుల్ని నడిపించే వాళ్ళు ప్రపంచంలో ఉన్నారనీ మాకెవరికీ తెలియదు. అలా తెలియకపోవడం ఎంత సుఖమో నాకు అర్థమయ్యేసరికి నా చేతిలో అలాంటివి రెండు పుస్తకాలు ఉన్నాయి. అవి తెచ్చిపెట్టిన సోమవారం పొద్దుటి సంగతి ఇప్పటికీ తలచుకుంటే ముందు గుండె గుభేలుమంటుంది. నవ్వు ఆ తర్వాత తీరిగ్గా వస్తుంది.

అప్పటికి నేను బీకాం పాసై, కొత్తగా వచ్చిన మీసాన్ని పదే పదే అద్దంలో చూసుకుంటూ ఇంట్లో ఖాళీగా ఉన్నాను. మా మామయ్యకి వినుకొండ రోడ్డులో పత్తి మిల్లు ఉండేది. రైతులు బళ్ళ మీద తెచ్చిన పత్తిని జిన్ను మిషన్లలో వేసి గింజనీ దూదినీ విడదీయడం, ఆ దూదిని బేళ్ళుగా నొక్కి బట్టల మిల్లుల వాళ్ళకి లారీల్లో పంపడం అక్కడి పని. మామయ్యకి మగపిల్లలు లేరు. "ఒరేయ్ అల్లుడూ, లెక్కలు చదివినోడివి, వచ్చి మిల్లులో కూర్చో" అని కబురు పెడితే వెళ్ళి కూర్చున్నాను. నేను చేరేసరికే ఆ ఏటి సీజను మొదలై చాలా రోజులైంది (ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే). మా నాన్న మాత్రం పంపేముందే గట్టిగా చెప్పాడు, అక్కడ పనికిరాకపోతే మాచవరంలో మా పెద్దన్నయ్య పెట్టిన ఎరువుల కొట్టుకి పంపించేస్తానని. మాచవరం మీద నాకేమీ కోపం లేదు, మంచి ఊరే. కానీ మా అన్నయ్య చేతి కింద, అమోనియా వాసనలో, వచ్చిన ప్రతి రైతు ముందూ "వీడికి ఏమీ రాదండీ, మా తమ్ముడు" అనిపించుకుంటూ బతకడం కంటే నాకు కష్టమైన శిక్ష ఆ వయసులో ఇంకొకటి కనబడలేదు.

ఆ మాఘమాసంలో గుంటూరులో ఏదో మిల్లు యజమానుల మీటింగు జరిగితే మామయ్య వెళ్ళొచ్చాడు. అక్కడ కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన పొద్దస్తమానం ఇంగ్లీషులో మాట్లాడాడట. మామయ్యకి ఇంగ్లీషు రాదు. కానీ పక్కన కూర్చున్నవాళ్ళంతా తలలూపుతుంటే తనూ ఊపాడట. ఆ ఊపుడు చూసి ముచ్చటపడిన కోటాయన రెండు పుస్తకాలు చేతిలో పెట్టి, చదివి నచ్చినది ఉంచుకోమనీ రెండోది తిరిగి పంపమనీ చెప్పాడు. ఒకటి ఎర్ర అట్టది, మేనేజిమెంటు మీద. అట్ట మీద టై కట్టుకున్న మనిషి మనవైపే వేలు చూపిస్తూ ఉంటాడు. రెండోది నీలం అట్టది, అందరూ కలిసి జట్టుగా పనిచేయడం మీద. దాని అట్ట మీద కొందరు మనుషులు వరసగా నిలబడి తాడు లాగుతూ ఉంటారు. మామయ్య రెండింటినీ నా ఒళ్ళో పడేశాడు.

"రేపు మీ అత్తయ్యా నేనూ అమరావతి పోతన్నాం. మాఘస్నానాలకి వారం రోజులు అక్కడే ఉంటాం. ఈ రెండిట్లో ఏది మనకి పనికొచ్చిద్దో తేల్చు. తేల్చి, దాని ప్రకారం మిల్లు నడిపి చూపించు. గురువారం బేళ్ళకి లారీ వచ్చిద్ది. లారీ నిండి పోయిందా, నువ్వు ఈడే ఉంటావు. నిండలేదా, మాచవరం" అన్నాడు.

"రెండూ కలిపి చదవకూడదా మామయ్యా" అని అడిగాను.

"ఒకే గుప్పెడు పత్తిని రెండు మిషన్లలో ఒకేసారి ఎయ్యం గదరా. ఒక్కటే" అన్నాడు.

అలా నా జీవితంలో మొదటి పెద్ద నిర్ణయం, ఎర్రదా నీలందా అన్నది, నా మీద పడింది. బస్సుకి బయల్దేరుతున్న అత్తయ్యని అడిగితే, "ఏ పుస్తకంలో అక్షరాలు లావుగా ఉంటే అది చదువు నాయనా, కళ్ళు పోతాయి" అని చెప్పి రిక్షా ఎక్కింది. మిల్లు మిషన్లన్నీ చూసుకునే ఫిట్టరు సాయిబుని (నేను బాబాయి అనేవాణ్ణి) అడిగాను. ఆయన నూనె చేతులు పాతగుడ్డతో శుభ్రంగా తుడుచుకుని, ఎర్రపుస్తకాన్ని చూసి, "ఇది యూనియనోళ్ళదా" అని అనుమానంగా పక్కన పెట్టాడు. కాదు బాబాయి, యజమానులదే అంటే నమ్మలేదు. తర్వాత రెండింటినీ తిరగేసి, వీపులు నొక్కి చూసి, "నీలందానికి కుట్టు గట్టిగా ఉంది. చానా రోజులు వచ్చిద్ది" అన్నాడు. ఇంతకంటే పనికొచ్చే సలహా ఎవరూ ఇవ్వలేదు. కానీ నాకు వేలు చూపించే మనిషే నచ్చాడు. ఆ చూపులో అధికారం ఉంది. మా అన్నయ్య చూపు కూడా అచ్చం అలాగే ఉంటుంది.

అందుకని ముందు ఎర్రపుస్తకం ప్రకారం ఒక రోజు నడిపి చూశాను. దాని ప్రకారం మేనేజరు అనేవాడు పనివాళ్ళకి అరుదుగా కనబడాలి. తలుపున్న గదిలో ఉండాలి. నవ్వకూడదు. ఏం చెప్పినా కాగితం మీదే చెప్పాలి. మా మిల్లులో తలుపున్న గది ఒక్కటే, గోతాల గది. అందులో కుర్చీ వేయించుకుని తలుపు మూసుకున్నాను. గోనె దుమ్ముకి తుమ్ములు మొదలయ్యాయి. తుమ్ముల మధ్య వీలు చూసుకుని, పనివేళల్లో ఎవ్వరూ మాట్లాడుకోకూడదు అని తెలుగులో ఒక కాగితం రాసి తలుపు సందులోంచి పంపాను. కాసేపటికి తలుపు చప్పుడైంది. తీస్తే బొల్లాపల్లి పెద్దమ్మ. జిన్నుల్లో పత్తి వేసే ఆడవాళ్ళంతా బొల్లాపల్లి వైపు మెట్ట ఊళ్ళ నుంచి వచ్చి, సీజనంతా మిల్లు వెనక రేకుల షెడ్డుల్లో ఉండేవారు. వాళ్ళందరికీ పెద్దదిక్కు ఈవిడే. మామయ్య కూడా ఆవిడతో మాట్లాడేటప్పుడు బీడీ వెనక్కి దాచేవాడు.

"ఈ కాయితంలో ఏముందో చదివి పెట్టు అబ్బాయా. మాలో ఎవరికీ చదువు రాదు" అంది.

పుస్తకం ప్రకారం నేను ఆవిడతో నేరుగా మాట్లాడకూడదు. కానీ ఆవిడ కదిలేలా లేదు. చదివాను.

"ఎవరు రాశారు?"

"నేనే పెద్దమ్మా."

"మరి ఈడే ఉన్నావుగా, నోటితో చెబితే సరిపోయేదిగా" అని, నా ముఖంలోకి పరీక్షగా చూసి, "జొరమేమన్నా వచ్చిందా నాయనా? కళ్ళు ఎర్రగా ఉండయ్యి. ఈ గోతాల్లో కూకున్నావేంది?" అంది. సాయంత్రం దాకా ఆడవాళ్ళు వంతులవారీగా తలుపు తోసుకొచ్చి నన్ను పరామర్శించారు. మిరియాల కషాయం కూడా వచ్చింది. అధికారం అక్కడితో ఆవిరైపోయింది. ఎర్రపుస్తకాన్ని పాతపేపర్లో చుట్టి తిరిగి పంపడానికి సిద్ధంగా పెట్టాను.

నీలంపుస్తకం చదువుతుంటే మాత్రం నాకు కన్నీళ్ళు వచ్చాయంటే నమ్మండి. మనమంతా ఒకటే, పైవాడూ లేడు కిందవాడూ లేడు, అందరి క్షేమమూ కనుక్కో, అందరి మాటా విను. ఇలా ఒక్కో పేజీ చదువుతుంటే ఇదే కదా నేను వెతుకుతున్నది అనిపించింది. అందులో ఒక అధ్యాయం అంతా భోజనం మీదే. కలిసి తిన్నవాళ్ళు కలిసి నిలబడతారట. పని ఒత్తిడి ఎక్కువగా ఉన్న సమయంలో, సరిగ్గా మధ్యలో, చెప్పాపెట్టకుండా అందర్నీ పిలిచి భోజనం పెడితే ఆ మర్నాటి నుంచి పనివాళ్ళలో వచ్చే మార్పు చూసి యజమానులే ఆశ్చర్యపోతారని రాశాడు. ఆ ఒక్క వాక్యం మాత్రం అక్షరాలా నిజమైంది.

ఆదివారం మధ్యాహ్నానికి భోజనాలు పెట్టాలని నిశ్చయించాను. ముందురోజే వారం కూలి ఇచ్చేశాం, పనికి ఎలాగూ పూట సెలవు. వంటమనిషిని పిలిచి పులిహోర, గుమ్మడికాయ పులుసు, పాయసం, బూరెలు అని చెప్పాను. ఆయన గరిట పట్టుకున్నంత గంభీరంగా నిలబడి, "అప్పుడేనా బాబూ?" అన్నాడు. అవును, మంచి పనికి ముహూర్తం దేనికి అన్నాను. ఆయన తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఫిట్టరు బాబాయికి చెబితే ఆయన కూడా, "అప్పుడేనా? పెరట్లో పత్తి అంత ఉందే" అన్నాడు. పత్తి ఉండబట్టే బాబాయి అన్నాను. ఆయన, "పెద్దాయనకి తెలుసా" అన్నాడు. అన్నీ నాకే వదిలేశాడు, ఇది నా నిర్ణయం అని ఛాతీ విరిచి చెప్పాను. ఇంక ఆయన ఏమీ అడగలేదు. యజమాని ఇంటి మాట మీద రెండో మాట అడిగే అలవాటు ఆయనకి లేదు.

ఆదివారం పెరట్లో చాపలు పరిచి, ఆకులు వేసి, అందరితో పాటు నేనూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. నీలంపుస్తకం పక్కనే తెరిచి పెట్టుకున్నాను, మధ్యలో ఏమైనా మర్చిపోతే చూసుకోవచ్చని. ఎప్పుడూ గోలగోలగా ఉండే ఆడవాళ్ళు ఆ పూట నోరు మెదపకుండా తిన్నారు. దాన్ని నేను కృతజ్ఞత అనుకున్నాను. పులుసు వడ్డించేవాడి చేతిలో గరిట తొణికి పుస్తకం మీద పడితే, "ఫరవాలేదు, ఫరవాలేదు" అని కూడా అన్నాను. జట్టు మనిషి అలాంటి వాటికి చిన్నబుచ్చుకోడు. భోజనాలయ్యాక లేచి నిలబడి, "ఇకనుంచి మనమంతా ఒక కుటుంబం. మీ మంచిచెడ్డలు నావి" అన్నాను. బొల్లాపల్లి పెద్దమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. దగ్గరికొచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "సల్లగా ఉండు నాయనా. మీకు ఏం కష్టం వచ్చిందో అడగనులే. పెద్దాయన్ని అడిగానని చెప్పు" అంది. ఆ చివరి మాటలు నాకు అర్థం కాలేదు. ఆనందంలో ఉన్న మనిషికి అన్నీ అర్థం కానక్కర్లేదు కదా. ఆ రాత్రి నేను గాఢంగా నిద్రపోయాను. అంత గాఢంగా మళ్ళీ ఎప్పుడూ పట్టలేదు.

సోమవారం పొద్దున్నే, మార్పు చూసి ఆశ్చర్యపోదామని ఉత్సాహంగా సైకిలెక్కి మిల్లుకి వచ్చాను. రోడ్డు మలుపు తిరగ్గానే వినబడాల్సిన మిషన్ల చప్పుడు వినబడలేదు. కరెంటు పోయిందనుకున్నాను. గేటు దాటి లోపలికి వచ్చి చూద్దును కదా, మనిషన్నవాడు లేడు. వెనక రేకుల షెడ్డులు ఊడ్చి, పొయ్యిలు మట్టితో అలికి, తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. జిన్నుల మీద ఒక్క దూదిపోగు లేదు. బెల్టులన్నీ విప్పి, నూనె రాసి, చుట్టలు చుట్టి గోడకి తగిలించి ఉన్నాయి. పెరట్లో పత్తి మాత్రం కొండంత, తెల్లగా, నిశ్శబ్దంగా నన్ను చూస్తూ ఉంది. దొంగలు పడ్డారా అనుకున్నాను, కానీ షెడ్డులు అలికిపెట్టి వెళ్ళే దొంగలు ఎక్కడుంటారు? అప్పుడే ఫిట్టరు బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిసంచీతో, మాచర్లలో వాళ్ళ అక్కగారింటికి పోవడానికి బయల్దేరి, తాళాలు ఇద్దామని వచ్చాడు.

"బాబాయి, మనుషులేరి?" అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానమొచ్చింది.

"పోయారుగా. చీకటితోనే మొదటి బస్సుకి పోయారు."

"ఎక్కడికి? ఎందుకు?"

బాబాయి నావైపు అయోమయంగా చూశాడు. "అన్నం పెట్టి పంపించేసి, ఇప్పుడు ఎక్కడికి పోయారంటావేంది?"

ఆ తర్వాత ఆయన నిదానంగా చెప్పింది వింటుంటే, నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే పత్తి తట్ట మీద కూలబడ్డాను. మా మిల్లులో, ఆ చుట్టుపట్ల ఏ మిల్లులోనైనా, సీజను అయిపోయిన రోజున యజమాని అందర్నీ కూర్చోబెట్టి అన్నం పెడతాడు. తిన్నవాళ్ళు మర్నాడు మూటలు కట్టుకుని వాళ్ళ ఊళ్ళకి పోతారు. ఎవరూ ఏమీ అడగరు, ఎవరూ ఏమీ చెప్పరు. "ఇంతకాలం చాకిరీ చేసిన మనిషిని రేపటి నుంచి రావొద్దని నోటితో ఎట్టా అంటాం? అందుకని అన్నం పెడతాం. అదే చెప్పడం" అన్నాడు బాబాయి. మిల్లులో అన్నం అంటే పని అయిపోయిందని అర్థం. మధ్యలో చేరిన నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అంత మామూలు విషయం తెలియనివాడు ఉంటాడని ఎవరికీ తట్టలేదు. పత్తి అంత ఉండగా అన్నం పెట్టేసరికి, మామయ్యకి ఏదో పెద్ద నష్టం వచ్చి మిల్లు మూసేస్తున్నాడని వాళ్ళంతా అనుకున్నారు. పెద్దమ్మ కన్నీళ్ళు మా మామయ్య కోసం.

లారీ గురువారం వస్తుంది. నా కళ్ళ ముందు మాచవరం, ఎరువుల బస్తాలు, బస్తాల మీద కూర్చున్న మా అన్నయ్య, అన్నీ వరసగా కనబడ్డాయి. బాబాయి చేతిసంచీ లాక్కుని ఆయన్ని నాతో పాటు వినుకొండ బస్సు ఎక్కించాను. అక్కడ బస్సు మారి మధ్యాహ్నం దాటాక బొల్లాపల్లి అవతల పెద్దమ్మ ఊరు చేరాం. ఆవిడ అప్పటికే ఇంటి ముందు కందులు ఎండబోసుకుంటోంది. నన్ను చూడగానే మామయ్యకి ఏమైందోనని లేచి నిలబడింది. జరిగింది చెబితే నెత్తి కొట్టుకుంది. చుట్టూ చేరిన ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

"సరే పెద్దమ్మా, పొరపాటైంది. పదండి, బస్సుంది" అన్నాను.

"ఎట్టా వస్తాం అబ్బాయా? అన్నం పెట్టి పంపిన చోటికి పిలుపు లేకుండా మళ్ళీ పోతే, తిన్నది చాల్లేదా అంటారు."

"నేను పిలుస్తున్నాగా."

"నువ్వు పిలిస్తే ఎట్టా అయిద్ది? ప్రతి ఏడూ సీజను మొదట్లో అమ్మగారు వచ్చి, గడపగడపకీ బొట్టు పెట్టి పిలిచిద్ది. అప్పుడే మేము కదిలేది."

"దానిదేముంది, ఆ బొట్టేదో నేనే పెడతాను. కుంకుమ ఇవ్వండి" అన్నాను. అంతే, ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వడం మొదలుపెట్టారు. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. నా రెక్క పట్టుకుని పక్కకి తీసుకుపోయి, "ఇంకోపాలి ఈ మాట అనమాకు. పెళ్ళిగాని పిల్లగాడివి, ఊళ్ళో ఆడోళ్ళకి బొట్లు పెట్టుకుంటా తిరిగావంటే నీ బుర్ర కాదు, నా బుర్ర పగలగొడతారు. ఆ పుస్తకంలో ఇది కూడా రాసుందా ఏంది?" అంది. లేదని ఒప్పుకున్నాను.

అంటే నన్ను కాపాడగలిగింది మా అత్తయ్య ఒక్కతే. ఆవిడ అమరావతిలో ఉంది. ఆవిడ పక్కన మామయ్య ఉన్నాడు.

మంగళవారం పొద్దుటే సత్తెనపల్లి మీదుగా అమరావతి చేరాను. గుడి దగ్గర రేవులో మామయ్య నడుంలోతు కృష్ణలో నిలబడి, కళ్ళు మూసుకుని, దోసిలితో నీళ్ళు వదులుతున్నాడు. అత్తయ్య మెట్ల మీద తడిబట్టలు పిండుతోంది. నేను చివరి మెట్టు మీద నిలబడి పిలిచాను. కళ్ళు తెరిచిన మామయ్య నన్ను చూసి తెల్లబోయాడు.

"ఏందిరా, నువ్వు ఈడున్నావేంది? మిల్లు?"

"ఆగింది మామయ్యా."

"కరెంటు లేదా?"

"కరెంటు ఉంది."

"బెల్టు తెగిందా?"

"బెల్టులు బాగానే ఉన్నాయి. నూనె రాసి గోడకి తగిలించారు."

మామయ్య దోసిట్లో నీళ్ళు అలాగే నిలిచిపోయాయి. "ఎందుకు తగిలించారు?"

"అందరికీ అన్నం పెట్టాను మామయ్యా" అన్నాను.

ఇంకొక్క మాట చెప్పాల్సిన అవసరం రాలేదు. మిల్లు యజమానికి ఆ ముక్క చాలు. మామయ్య అమాంతం నీళ్ళలో మునిగాడు. ఎంతకీ పైకి రాడే. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అత్తయ్య మాత్రం బట్టలు పిండుతూనే, "వచ్చేస్తారులే, కోపం చల్లారాలిగా" అంది. మామయ్య బుస్సున పైకి లేచి, ఊపిరి పీల్చుకుని, నన్ను చూసి, మళ్ళీ మునిగాడు. అలా ఎన్ని మునకలు వేశాడో, ఆ మాఘంలో ఆయన సంపాదించిన పుణ్యంలో సగం నా చలవే.

చివరికి గట్టెక్కి, తల తుడుచుకుంటూ, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "ఆ పుస్తకం రాసినాయన ఊళ్ళో అన్నం పెడితే ఏమయిద్దంట?"

"ఇంకా బాగా పనిచేస్తారంట మామయ్యా."

"పాపం, వాళ్ళకి సీజన్లు ఉండవేమో" అన్నాడు. తిడతాడని ఎదురుచూస్తున్న నాకు, ఆ జాలి తిట్టుకంటే గట్టిగా తగిలింది.

ఆ సాయంత్రమే అత్తయ్య కుంకుమభరిణె పట్టుకుని, మామయ్యనీ వెంటబెట్టుకుని బయల్దేరింది. బుధవారం పొద్దున ట్రాక్టరు మీద వెళ్ళి గడపగడపకీ బొట్టు పెట్టి పిలిచింది. ట్రాక్టరు మీద కూర్చున్న నన్ను చూపించి ప్రతి గడపలోనూ, "మా వాడు చదువుకున్నాడమ్మా, ఏమీ అనుకోవద్దు" అని చెప్పింది (చదువుని క్షమాపణగా వాడటం అదే మొదటిసారి విన్నాను). కొత్తగా పిలిచింది కదా అని, ఆ ఏడు రానివాళ్ళు కూడా కొందరు కలిసి, పోయినవాళ్ళ కంటే ఎక్కువమందే వచ్చారు. సాయంత్రానికి షెడ్డుల్లో మళ్ళీ పొయ్యిలు వెలిగాయి. గురువారం తెల్లవారగానే పెద్దమ్మ జిన్నుకి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది. ఒకే ఏడు రెండుసార్లు సీజను మొదలైన మిల్లు పల్నాడంతటికీ మాదొక్కటే అయ్యుంటుంది.

లారీ మధ్యాహ్నానికే వచ్చేసింది. ఇంకా నొక్కాల్సిన బేళ్ళు చాలా ఉన్నాయి. డ్రైవరు విసుగ్గా గడియారం చూసుకుంటుంటే, మంచి చేసుకుందామని నేను ఆకు తెప్పించి, "ముందు భోంచెయ్యండి అన్నా" అన్నాను. మిషను మీద నుంచి ఫిట్టరు బాబాయి ఒక్క ఉదుటున దూకి పరిగెత్తుకొచ్చాడు. "ఆయనకి అన్నం పెట్టమాకు బాబూ, ఎల్లిపోతాడు" అన్నాడు. అరుగు మీద కూర్చున్న మామయ్య, నీళ్ళు తాగుతున్నవాడల్లా పొలమారి, అప్పటిదాకా బిగబట్టుకున్న నవ్వంతా ఒక్కసారి బయటికి వదిలాడు. ఆ నవ్వు విన్నాక నాకు ఊపిరి ఆడింది. డ్రైవరు టీలు తాగుతూ ఉండిపోయాడు. మర్నాడు లారీ నిండి వెళ్ళింది. నేను మాచవరం వెళ్ళలేదు.

పుస్తకాల సంగతి తేలిపోయిందనుకోకండి. రెండూ తిరిగి ఇచ్చేయమని మామయ్య నన్ను గుంటూరు పంపాడు. కోటాయన ఎర్రది తీసుకుని, నీలందాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. సరిగ్గా భోజనాల అధ్యాయం మీద గుమ్మడికాయ పులుసు చక్కగా ఇంకి ఉంది. "ఇది మీరే ఉంచుకోండి" అన్నాడు. అలా ఎర్రదా నీలందా అన్న నా ఆలోచన అంతా వృథాయే. మా తరఫున నిర్ణయం తీసుకున్నది పులుసు. అప్పటి నుంచి మా మిల్లులో ఏ పండగకి తీపి పంచినా, బొల్లాపల్లి పెద్దమ్మ చెయ్యి చాపకుండా ముందు, "ఇది ఏ పుస్తకం అబ్బాయా" అని అడిగేది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ అడిగింది.

తర్వాత మామయ్య నాకే మిల్లు అప్పజెప్పాడు. ఎన్నో సీజన్లు నడిపాను. ఇప్పుడు మా కోడలు నడుపుతోంది, ఎంబీఏ చదివింది. నన్ను మామయ్యా అనే పిలుస్తుంది. నేను పొద్దునపూట వెళ్ళి పాత కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుని, ఎవరూ అడక్కపోయినా నాలుగు సలహాలు చెప్పి వస్తుంటాను. మొన్నామధ్య ఒక మధ్యాహ్నం, మిల్లు మంచి ఊపు మీద ఉన్న సమయంలో, కోడలు అందర్నీ పెరట్లో కూర్చోబెట్టి భోజనం పెట్టింది. నన్ను మధ్యలో కూర్చోబెట్టి దగ్గరుండి వడ్డించింది. పులిహోర, పాయసం కూడా ఉన్నాయి. కుర్రాళ్ళంతా సెల్‌ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. ఆకులో ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను. ఏమీ అడగలేదు. సాయంత్రం నా కుర్చీ గుడ్డతో తుడిచి, కళ్ళజోడు డబ్బా, పెన్ను జేబులో వేసుకుని ఇంటికొచ్చేశాను. అమ్మాయి ఎంత మర్యాదగా చెప్పింది అనుకున్నాను. మనసు మాత్రం చాలా బాధపడింది.

మర్నాడు పొద్దెక్కాక ఫోను మోగింది. "ఏంటి మామయ్యా, ఇంకా రాలేదు? ఒంట్లో బాగానే ఉందా?"

"నిన్న అన్నం పెట్టావుగా అమ్మా" అన్నాను.

"అది టీమ్ లంచ్ మామయ్యా" అంది, నిర్ఘాంతపోయిన గొంతుతో. ఆ గొంతు నేను ఎక్కడో విన్నాను. పత్తి తట్ట మీద కూలబడిన ఒక బీకాం కుర్రాడిది.

"ఏదైనా సరే, పిలుపు లేకుండా మళ్ళీ ఎలా వస్తాను?" అన్నాను. ఆ పాత సంగతంతా మా ఆవిడ అప్పటికప్పుడు కోడలికి ఫోనులో చెప్పి ఉంటుంది. అరగంటలో స్కూటీ మీద వచ్చింది, చేతిలో మా అత్తయ్య కుంకుమభరిణె. మగవాళ్ళని బొట్టు పెట్టి పనికి పిలిచే ఆచారం ఎక్కడా లేదని నాకు తెలుసు. అయినా కళ్ళజోడు తీసి, నుదురు ముందుకు వంచాను.